ఆరో రోజు ఖాళీ

బాసరకు సైకిల్ మీద పోతానన్నప్పుడు మా ఆయన వద్దనలేదు. ఒక్క షరతు పెట్టాడు. బయలుదేరే రోజుకు నా చేతి గడియారం చూపించే అలసట ఎరుపులో ఉండకూడదు. ఉంటే సైకిలూ నేనూ ఇంట్లోనే. ఆయన దుబాయిలో ఒక గోదాములో పనిచేస్తాడు. నేను కరీంనగర్‌లో జాకెట్లు కుడతాను. షరతులు పెట్టడానికి అంత దూరం ఏమీ అడ్డు కాదు.

షరతుకు కారణం లేకపోలేదు. నిరుడు జగిత్యాల దారిలో ఎండకు కళ్లు తిరిగి పడిపోయాను. ఎవరో నీళ్లు తాగించి ఆటో ఎక్కించారు. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు, మా ఆడబిడ్డ చెప్పింది. ఫోన్‌లో ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. తర్వాత ఊరికి వస్తున్న మనిషి చేతికిచ్చి ఈ గడియారం పంపాడు. నేనెంత తొక్కానో, గుండె ఎంత కొట్టుకుందో అక్కడ ఆయన ఫోన్‌లో కూడా కనిపిస్తుంది, ఖాతా తెరిచిందే ఆయన.

మొదట్లో ఆ లెక్కలు నా బుర్రకెక్కలేదు. సెలవు రోజున ఆయన వీడియో కాల్‌లో పాఠం చెప్పేవాడు. చాలా వారాల కష్టం కలిపితే ఒక గీత, అది ఒంట్లో చేరిన సత్తువ. ఈ వారం కష్టం ఇంకో గీత, అది అలసట. అలసట సత్తువను మించిపోతే ఎరుపు. అందుకే పెద్ద ప్రయాణానికి ముందు తొక్కడం తగ్గించాలి. సత్తువ కాస్త దిగుతుంది, అలసట బాగా దిగుతుంది, అప్పుడు పచ్చ రంగు వస్తుంది. నేను దాన్ని నా పద్ధతిలో అర్థం చేసుకున్నాను. కొత్త బట్టను కత్తిరించే ముందు తడిపి ఆరేస్తాం. ఆ పూట మిషన్ ఆడదు, కానీ పని ఆగినట్టు కాదు.

దసరా తర్వాతి ఆదివారం బాసర అనుకున్నాను. పండుగ ముందు జాకెట్ల గిరాకీతో తొక్కడం దానంతటదే తగ్గింది. పగలంతా కుట్టడం, పొద్దుగూకితే వాడకట్టు ఆడవాళ్లతో బతుకమ్మ ఆడటం. సైకిల్ గోడకు ఆనించే ఉంది. పచ్చ రంగు ఖాయమని ధీమాగా ఉన్నాను.

పండుగ సందడి ముగిశాక గడియారం చూస్తే ఎరుపు. అలసట ఎక్కువైంది, విశ్రాంతి తీసుకోండి అని ఉంది. చెయ్యి రెండుసార్లు విదిలించి మళ్లీ చూశాను. అంతలోనే దుబాయి నుంచి ఫోన్.

"నాకు చెప్పకుండ రోజూ తొక్కుతున్నవా?"

"నేను సైకిలే ముట్టలే."

"మరి గీ గీతలేంది? నువ్వు అబద్ధమాడుతున్నవా, గడియారం ఆడుతుందా?"

"పెండ్లాం మాట కన్నా గడియారం మాటే ఎక్కువైతే దాంతోనే మాట్లాడు," అని పెట్టేశాను. ఒళ్లు మండిపోయింది. ఎరుపైనా పచ్చైనా పోయి తీరతాననుకున్నాను. కానీ లోపల భయం కూడా ఉంది. గడియారం చెప్పిందే నిజమై మళ్లీ దారిలో పడిపోతే, ఆయన ఇక నా మాట ఎప్పటికీ నమ్మడు.

తెల్లవారి మళ్లీ ఆయనే చేశాడు. పలకరింపు లేదు.

"ఆరో దినం ఖాళీ ఉంది," అన్నాడు.

"ఏం ఖాళీ?"

"దినం దినం లెక్కల అయిదు దినాలు వరుసగ గీతలున్నయి. ఆరో దినం లేదు. మల్ల మూడు దినాలున్నయి. ఆఖరుది అన్నిట్ల పొడుగుంది. గది బతుకమ్మ గదనే?"

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, సరిపోయింది. ఆరో రోజు బతుకమ్మ అలిగిందని మా దగ్గర పువ్వులు పేర్చరు, ఆడరు. ఆఖరి రోజు సద్దులు, ఆ రోజు కాళ్లు పడిపోయేదాకా ఆడతాం. చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ తిరుగుతుంటే గడియారం అదేదో కసరత్తు అనుకుంది. తనంతట తానే లెక్కలో వేసుకుని, పేరు తెలియక 'ఇతరం' అని పెట్టుకుంది. రోజూ ఆడిన నాకు తట్టలేదు. దుబాయిలో ఉన్న మనిషికి తట్టింది.

ఆయనకు సెలవు ఎప్పుడూ ఎండాకాలంలోనే, పెళ్లిళ్లు అప్పుడే ఉంటాయని. మా పెళ్లయ్యాక, దుబాయి పోకముందు, ఆయన ఇంట్లో ఉండగా బతుకమ్మ ఒక్కసారే వచ్చింది. ఆ యేడు తంగేడు పువ్వంతా ఆయనే తెచ్చి, పక్కన కూర్చుని కట్టలు కట్టి ఇచ్చాడు.

"మరి పోవాల్నా వద్దా?" అన్నాను.

"గదీ అలసటే. కానీ నీ ఒంటికి కొత్త గాదు. జర పండుకోని, పో."

ఆదివారం చీకటితో బయలుదేరాను. మెట్‌పల్లి దాటాక రోడ్డుకు ఒక పక్కంతా మక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి, ఉన్న సందులోంచే లారీలను తప్పించుకుంటూ తొక్కాను. మోకాళ్లు నొప్పి పెట్టాయి. కళ్లు మాత్రం తిరగలేదు. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలింది. యాత్రికులు నీళ్లలోకి నాణేలు విసురుతున్నారు. నేను సైకిల్ రెయిలింగుకు ఆనించి, ఆ రోజు లెక్క చూద్దామని ఫోన్ తీశాను.

పండుగ రోజుల లెక్కల్లో 'ఇతరం' ఎక్కడా లేదు. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఆ తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. ఏ రోజు బతుకమ్మకు ఆ రోజు పేరు, దుబాయిలో కూర్చునే మార్చాడు. ఖాళీగా ఉన్న ఆరో రోజున తనే ఒకటి చేర్చాడు: అలిగిన బతుకమ్మ, సున్నా నిమిషాలు. వంతెన మీద అంతమంది ముందు ఏడుపొచ్చింది.

ఫోన్ మోగింది. "కాళ్లెట్లున్నయే?" అన్నాడు.

"కాళ్ల సంగతి గడియారాన్నడుగు. వచ్చే యేడు సెలవు ఎండకాలం పెట్టకు."

ఎందుకని ఆయన అడగలేదు.