బంగళా ప్యూను గవరయ్య

బానిసత్వం రద్దయిన మర్నాడు, విడుదలైనవాడు పనికోసం ఎవరి గుమ్మం ఎక్కాడు? రిటైరయ్యాక నేను చదువుతున్న చరిత్ర గురించి చెబుతుంటే గవరయ్య అడిగాడు.

గవరయ్య బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఆఫీసరుగారి బంగళా ప్యూను. కొన్నేళ్లు ఆ ఇంట్లో అంట్లు తోమి, కుక్కను తిప్పితే, ఆయన సంతకంతో షెడ్డులో పర్మనెంటు ఉద్యోగం వస్తుంది. సంతకం పడకముందే ఆయనకు బదిలీ అయింది. వెంట రమ్మన్నాడు. గవరయ్య భార్యకు నెలలు నిండాయి.

“వెళ్లకు. యూనియన్‌తో మాట్లాడతాను,” అన్నాను.

“అచ్ఛా, మాట్లాడండి తాతా. నానెల్లకపోతే ఆ కుక్కని తిప్పడానికి లైను కట్టీసి ఉన్నారు.”

యూనియన్ వాళ్లు టీ ఇచ్చి పంపేశారు. వాళ్ల బండి వేళకు స్టేషనుకు పరుగెత్తాను. కుక్క గొలుసు పట్టుకుని గవరయ్య నన్ను చూశాడు. కుక్కను ఎక్కించి, తనూ ఎక్కి, తలుపు వేసుకున్నాడు.