చేతులు కట్టుకుని చెప్పిన ప్రోగ్రాం

పదవీ విరమణకు ముందటి ఏడాది ఏప్రిల్‌లో, కొత్తపేట దగ్గరి ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ విభాగాధిపతిగా ప్రాక్టికల్ పరీక్షలు నిర్వహించాను. ఈ పరీక్షకు ఇద్దరు పరీక్షకులు. ఇంటర్నల్ ఆ కాలేజీవాడే, అంటే నేను. ఎక్స్‌టర్నల్ వేరే కాలేజీ నుంచి వస్తారు. మార్కుల జాబితా మీద ఇద్దరి సంతకాలూ పడాలి. రికార్డులోని ఇరవై ప్రోగ్రాముల్లో చీటీలో వచ్చినదాన్ని విద్యార్థి రాసి, నడిపి చూపించాలి.

ఆ ఏడు చివరి సంవత్సరంలో నగరం అనే పల్లెటూరి నుంచి వచ్చే సత్యవేణి ఉంది. కండరాల జబ్బు వల్ల ఆమె వేళ్లు కీబోర్డు మీద నిలవవు. మైకు తగిలించుకుని నోటితో చెబితే కంప్యూటర్ టైపు కొడుతుంది. ‘న్యూ లైన్’, ‘ఓపెన్ బ్రాకెట్’ అంటూ కామాలతో సహా అన్నీ చెప్పాల్సిందే. ఆమె గొంతు పక్కవాళ్లకు జవాబు అందించకుండా విడిగా గది ఇచ్చాం. బోర్డు అనుమతి కాగితమూ తెప్పించాను.

ఎక్స్‌టర్నల్ సూర్యారావు గారు ఆ కాగితం చదివి పక్కన పెట్టారు.

“నోటితో అంటే మెషినే రాసేస్తుందండీ. ఇక అమ్మాయి చేసేదేముంది? నేను సంతకం పెట్టలేనండీ.”

సంతకం లేకపోతే ఆమె పరీక్ష తప్పినట్టే. డిప్లొమాకు మరో ఏడాది ఆగాలి.

“అదే రాసేస్తే నేనెందుకండీ? మైకు బల్ల మీద పెట్టేసి టీకి వెళ్లేదాన్ని కదండీ,” అంది సత్యవేణి.

నమ్మకాల మీద వాదించడం నాకు పాత జబ్బు. ఆ రోజు మాత్రం వాదించలేదు. రికార్డులో లేనిది ఏదైనా ఇచ్చి చూడమన్నాను. మార్కులను సున్నాలు వదిలేసి, పెద్ద నుంచి చిన్నకు పేర్చే ప్రోగ్రాం ఆయన అడిగారు. ఆమె చెప్పసాగింది. నాలుగో లైనులో పొరపాటు చెప్పింది. కంప్యూటర్ దాన్ని అలాగే కొట్టింది. నడిపితే చివరి మార్కు మాయమైంది. ఆమె కాసేపు తెర చూసి, “లూపు ఒకసారి తక్కువ తిరుగుతోందండీ,” అని, మళ్లీ ఆ లైనుకు వెళ్లి సరిచేసింది.

“తప్పు కూడా చెప్పినట్టే రాసిందే!” అన్నారాయన.

“ఆయ్. దానికి బుర్ర లేదండీ.”

సూర్యారావు గారు లేచి ల్యాబ్‌లోకి నడిచారు. అందరికన్నా వేగంగా టైపు చేసే దుర్గాప్రసాద్ అప్పటికే ముగించి దర్జాగా కూర్చున్నాడు. మానిటర్ ఆపించి, చేతులు కట్టుకుని అతను అప్పుడే రాసిన ప్రోగ్రామే నోటితో చెప్పమన్నారు. రెండు లైన్లు చెప్పి ఆగిపోయాడు.

“కీబోర్డు మీద చెయ్యి పెడితే వచ్చేస్తుందండీ. నోటికి రాదండీ.”

తర్వాతి నలుగురూ అంతే.

“మాస్టారూ, మీరు పాఠం పిల్లలకి చెప్పేరా, వేళ్లకి చెప్పేరా అండీ?” అన్నారాయన నా వైపు తిరిగి. వెనక్కి వచ్చి సత్యవేణి పేరుకెదురుగా మార్కులు వేసి, సంతకం పెట్టారు.

అర్థం తెలియకుండా మంత్రాలు వల్లించేవారి మీద ఇరవై ఏళ్లు వ్యాసాలు రాసినవాణ్ణి. వేళ్లతో వల్లించేవాళ్లను నా ల్యాబ్‌లోనే తయారు చేశానని ఆ పూట తేలింది.

ఉద్యోగంలో మిగిలిన కాలమంతా ప్రతి ల్యాబ్ క్లాసులోనూ ముందు చేతులు కట్టించి ప్రోగ్రాం చెప్పించాను. ఆ తర్వాతే కీబోర్డు. మొదటి రోజు నమూనాగా నేనే మొదలుపెట్టాను. మూడో లైను దగ్గర నా చెయ్యి కీబోర్డు వైపు జరిగింది. పిల్లలు చూశారు. టైపు చేయగలిగినదంతా తెలిసినట్టు కాదని చెప్పడానికి నాకు వేరే ఉదాహరణ అవసరం పడలేదు.