మా ఇంటికి భోజనానికి వచ్చిన రిలీఫ్

రిలీఫ్ అనే మాట మా ఇంట్లోకి మొదట వకీలు కాగితాల్లో వచ్చింది. శేరిలింగంపల్లి స్టేషన్లో రైలు దిగి, నల్లగండ్ల వైపు బండరాళ్ళ మధ్య నడిస్తే మా ఊరు. ఊళ్ళో మాది గడి, అంటే పెద్దలు కట్టించిన రాతి ఇల్లు. నాకు ఊహ తెలిసేనాటికి మూడు గదులకే కప్పు మిగిలింది. కౌలు చట్టం కింద దున్నే రైతుకు పోయిన భూమి కోసం బాపు ఏళ్ళ తరబడి కోర్టుకు తిరిగాడు. ప్రతి దరఖాస్తు చివరా రిలీఫ్ ఇప్పించవలసిందని ప్రార్థన ఉండేది. నేను బడిలో ఇంగ్లీషు చదువుతున్నానని ఆ కాగితాలు నాచేత చదివించుకునేవాడు.

"రిలీఫ్ అంటే మనకు రావలసింది మనకు ఇప్పించడం. అడుక్కునుడు కాదు" అని అర్థం చెప్పాడు ఒకసారి.

బడిలో దానికి ఇంకో అర్థం ఉండేది. గోడకు ఒక రిలీఫ్ మ్యాపు వేలాడేది. అందులో కొండలు చేతికి తగిలేవి. మా ప్రాంతం ఉన్నచోట ఎంత తడిమినా ఏమీ తగిలేది కాదు. దవాఖానలో కాంపౌండర్ తలనొప్పికి గులాబిరంగు బిళ్ళ ఇచ్చి, "గంటల రిలీఫ్ వస్తది" అనేవాడు. కోర్టు మాత్రం అంత తొందరపడలేదు. చివరికి ఇవ్వవలసిన రిలీఫ్ ఇచ్చింది, అవతలివాళ్ళకు. ఆ తర్వాత బాపు రెండేళ్ళు బతికాడు. ఆ మాట మళ్ళీ ఆయన నోట వినలేదు.

డెబ్భైల మొదట్లో వరసగా రెండేళ్ళు వానలు పడలేదు. అప్పుడు ఆ మాటే జీపెక్కి ఊళ్ళోకి వచ్చింది. వారం తిరక్కుండా అందరి నోటా నలిగి 'రిలీపు' అయింది. రోడ్డుకు కంకర కొట్టే పని రిలీపు. కూలి కింద ఇచ్చే ఎర్రజొన్నలు రిలీపు. వాటిని దాచిన రేకుల షెడ్డు రిలీపు. ఆఖరికి వాటన్నిటి మీదా పెత్తనం చేసే ఆఫీసరు కూడా రిలీపే.

"రిలీపు వచ్చిండా?"

"వచ్చిండు. చావిడికాడ ఛాయ తాగుతున్నడు."

మా బాపుకు పదేళ్ళలో దొరకనిది మా ఊరివాళ్ళ కళ్ళముందు కూర్చుని ఛాయ తాగుతోంది.

ఇంట్లో అప్పటికి ముగ్గురం: అమ్మ, బాపుకు అక్క అయిన మా పెద్దత్త, నేను. ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళు. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ మధ్యలో ఆగింది, ఉద్యోగం లేదు. బావి ఎండింది. విత్తనాలకని దాచిన గింజలు దసరాకు ముందే తినేశాం. ఆ తర్వాత ఆడవాళ్ళిద్దరికీ ఉన్నట్టుండి భక్తి ఎక్కువైంది. సోమవారం శివుడికి ఉపవాసం, శనివారం వెంకటేశ్వరస్వామికి. మధ్య రోజులకు కూడా ఎవరో ఒక దేవుణ్ణి వెతుక్కునేవాళ్ళు. ఆకలి అనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఒకరోజు పెద్దత్త తులసికోట దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. అది బుధవారం. ఏ దేవుడిదో అమ్మకు వెంటనే తట్టలేదు.

మర్నాడు ఊరి లెక్కలు రాసే పట్వారీ నన్ను దారిలో ఆపాడు.

"చిన్న దొరా, జర కోపం చెయ్యకుండ విను. పనికి పోలేని ఆడోళ్ళకు సర్కారు ఊకెనే గింజలిస్తున్నది. దొరసానిది, మీ అత్తమ్మది పేర్లు రాసిన."

"నిన్నెవరు రాయమన్నారు?"

"ఎవ్వరనలే. మీ అత్తమ్మ పడ్డదని ఊరంత తెల్సింది."

మా ఇంటివాళ్ళు ఎవరూ వరసలో నిలబడరని చెప్పాను. నిలబడక్కర్లేదన్నాడు. ఆఫీసరే మంగళవారం ఇంటికొచ్చి, పరిస్థితి కళ్ళారా చూసి రాసుకుంటాడట. ఆ తర్వాత గింజలు ఇంటికే వస్తాయి. ఆలోచించి సరేనన్నాను.

అమ్మకు చెప్పడమే కుదరలేదు. 'మీ ఇద్దరి పేర్లూ దిక్కులేనివాళ్ళ జాబితాలో ఉన్నాయి' అని ఆమె ముందు నిలబడి ఎలా చెప్పను? సర్కారు ఆఫీసరు మంగళవారం మన ఇంటికి వస్తున్నాడని మాత్రం అన్నాను.

"ఏం పని మీద?"

"మనల్ని చూసి పోదామని."

అమ్మ ముఖం ఎన్నాళ్ళకో విప్పారింది. "చూసి పోతడా? మన ఇంటికొచ్చి తినకుండ ఎవడు పోయిండు?"

బాపు తద్దినానికని శేరున్నర సన్నబియ్యం ఒక కుండలో దాచి ఉంచింది. ఎంత ఆకలైనా ముట్టని ఆ బియ్యాన్ని బయటికి తీసింది. మిగిలినవి అడగకుండానే వచ్చాయి. భజన బృందంవాళ్ళు జంపఖానా తెచ్చి పరిచారు. కల్లు దుకాణం నుంచి రెండు కుర్చీలు వచ్చాయి. వాసన పోవడానికి పెద్దత్త వాటిని రెండుసార్లు కడిగింది. చిన్నప్పుడు నన్నెత్తుకు తిరిగిన ముసలామె ఒక కోడిపెట్టను చంకలో పెట్టుకొచ్చింది. ఆమె పేరూ అదే జాబితాలో ఉంది.

"వద్దు. నీకున్నది అదొక్కటే" అన్నాను.

"నీకేం ఎర్క, చిన్న దొరా? రిలీపు మన ఊళ్ళె పచ్చడి మెతుకులు తినిపోతె రేపు ఎవ్వడన్న మొకం సూస్తడా? జరుగు."

కేసులో మా మీద గెలిచిన రైతు స్వయంగా వచ్చి కంచు కంచం, గిన్నెడు నెయ్యి అరుగు మీద పెట్టాడు. లోపలికి రాలేదు.

"దొరసాని ఇంట్ల ఆఫీసరు విస్తరాకుల తింటె నామోషి" అన్నాడు, ఎటో చూస్తూ.

కోర్టు ఆయన చేతిలో పెట్టిన రిలీఫులో ఒక గిన్నెడు ఆ విధంగా మా ఇంటికి తిరిగి వచ్చింది.

ఆఫీసరు కోస్తావైపు మనిషి, మర్యాదస్తుడు. జంపఖానా చూసి చెప్పులు వాకిట్లోనే విడిచాడు. కంచం చూసి మొహమాటపడ్డాడు. అమ్మ తలుపు చాటున నిలబడి వడ్డన చేయించింది.

"అయ్యో, చాలండి, చాలు" అంటూనే తిన్నాడు. తింటూ తన బాధ చెప్పుకున్నాడు. బదిలీ ఉత్తరువు వచ్చి మూడు నెలలైందట. "నా స్థానంలో ఇంకొకరు వస్తేనేగానీ నన్ను రిలీవ్ చెయ్యరండి. ఆ మహానుభావుడేమో సెలవు మీద సెలవు పెడుతున్నాడు. ఊళ్ళన్నిటికీ రిలీఫ్ పంచుతున్నాను. నాకే లేదండి."

పెద్దత్త లోపల్నుంచి, "పాపం, పిలగాడు పరేషాన్ల ఉన్నడు. ఇంకో గరిటె పెట్టుండ్రి" అంది.

చేయి కడుక్కున్నాక ఆఫీసరు నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో జాబితా ఉంది. గొంతు తగ్గించాడు.

"మీ ఇంట్లోవాళ్ళ పేర్లు ఇందులో ఉన్నాయండి. ఏదో పొరపాటు జరిగినట్టుంది. దాచకుండా చెప్పండి, మీకేమైనా ఇబ్బంది ఉందా?"

ఉందని చెబితే సరిపోయేది. తలుపు చాటు నుంచి అమ్మ చీర అంచు కనబడుతోంది.

"మాకేం ఇబ్బందండీ?" అన్నాను.

ఆయన హాయిగా నవ్వి, జేబులోంచి పెన్ను తీసి, రెండు పేర్లూ అక్కడికక్కడే కొట్టేశాడు. అమ్మకు నమస్కారం చెప్పమని చెప్పి జీపెక్కాడు.

"ఎంత మర్యాద! మన సంగతి ఎవరో చెప్పే పంపి ఉంటరు" అంది అమ్మ. ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురం గంజి తాగాం. కోడిని కోసిన ఇంట్లో కూర మిగల్లేదు. ఆఫీసరు నిజంగానే తృప్తిగా తిన్నాడు.

నాలుగో రోజు చావిడి దగ్గర జాబితా చదివారు. మావాళ్ళ పేర్లు లేవు. పట్వారీ తల పట్టుకున్నాడు. "ఇల్లు చూపెట్టమంటె పెండ్లి చేస్తిరి గదా, దొరా!" అన్నాడు. పెద్దత్త అప్పటికి లేచి నడవడం తగ్గించింది.

సోమవారం పొద్దున్నే తలకు తుండుగుడ్డ చుట్టుకుని కంకర కుప్ప దగ్గరికి వెళ్ళాను. కూలీలచేత పని చేయించడానికి పోతున్నానని అమ్మకు చెప్పాను. మేస్త్రీ నన్ను చూసి బీడీ పారేశాడు. సుత్తె ఇమ్మన్నాను. ఆడవాళ్ళు పాఠాలు మొదలుపెట్టారు.

"గట్ల పట్టుకుంటె కాలు పగుల్తది, దొరా. జర కిందికి పట్టు."

"రాయికి సలాం చేస్తున్నడే. కొట్టు, బిడ్డా, గదేం అనదు."

మా పెద్దలు ఆ బండల మీద గుర్రాలెక్కి తిరిగారు. నేను వాటిని గుప్పెట్లో పట్టేంత ముక్కలు చేశాను. ఇప్పుడు ఆ దారిన అద్దాల మేడలకు పోయే కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతుంటాయి. అడుగున ఉన్న కంకరలో నా వాటా చాలా తక్కువ. వారమంతా నేను కొట్టిన కుప్ప, నా పక్కన కొట్టే ఒక ముసలామె రెండు రోజుల కుప్పకు సరిపోలేదు. గింజలు కొలిచే ముందు ఎవరో రెండు తట్టలు నా కుప్పలో ఒంపేవారు. నేను అటు తిరిగి నిలబడేవాణ్ణి.

రెండో వారంలో జీపు వచ్చింది. ఆఫీసరు దిగి, నన్ను గుర్తుపట్టి, ముఖమంతా నవ్వు చేసుకుని దగ్గరికి వచ్చాడు.

"మీరే స్వయంగా దగ్గరుండి చూసుకుంటున్నారా? చాలా సంతోషమండి! మీలాంటి పెద్దింటివాళ్ళు ముందుకు వస్తే మాకు సగం పని తప్పుతుంది" అన్నాడు. చేతికిచ్చిన కాగితం చూసి, "ఈయన పేరు కూలీల పట్టీలో ఎందుకు రాశావయ్యా? కొట్టెయ్యి" అన్నాడు మేస్త్రీతో.

మేస్త్రీ పెన్సిలు పట్టుకుని నా వంక చూశాడు. సుత్తెలన్నీ ఆగిపోయాయి. ఇది కూడా కొట్టేస్తే ఇంటికి తీసుకుపోవడానికి ఏమీ ఉండదు.

"కొట్టెయ్యకండి. నేను కూలికే వచ్చాను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నా అరచేతులు చూశాక అర్థమైంది.

"మరి ఆ రోజు భోజనం?"

"అది ఊరు పెట్టిందండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. "నేను రెండోసారి కూడా పెట్టించుకున్నానండి" అన్నాడు చివరికి, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు. జాబితా పైకి వెళ్ళిపోయిందనీ, కొత్తగా దరఖాస్తు పెడితే అనుబంధ జాబితాలో చేర్పిస్తాననీ అన్నాడు. జీపు బానెట్ మీదే కాగితం పెట్టి తానే రాశాడు. దాని మీద ఇద్దరు ఆడవాళ్ళూ సంతకం చేయాలి.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి ఆ కాగితం అమ్మ చేతికిచ్చాను. జరిగినదంతా చెప్పాను. జాబితా సంగతి, కంకర సంగతి, ఆఫీసరు ఎందుకు వచ్చాడన్న సంగతి. అమ్మ కాగితం మొత్తం చదివింది. 'ఏ ఆధారమూ లేని' అన్నచోట ఆగి మళ్ళీ చదివింది.

పెద్దత్త మంచం మీంచే చెయ్యి చాపింది. "ఇటు తే. ఎక్కడ పెట్టాలె?"

పెద్దత్త సంతకం చేసింది. అమ్మ పెన్ను అందుకుని ఆగింది.

"ఆ పిలగానికి గీ సంగతంతా ఎర్కేనా, మనింట్ల అన్నం తినేటప్పుడు?"

"తెలియదమ్మా. ఈ రోజే తెలిసింది."

"అయితే సరే. చుట్టం లెక్కనే తిన్నడు" అంది.

ఇంటిపేరుతో, బాపు పేరుతో, తాతల నాటి బిరుదుతో కలిపి తన పేరు నిదానంగా రాసింది. ఇచ్చిన గీత సరిపోక కాగితం అంచు దాకా పోయింది.