మామ నొక్కిన మీట

మా మామ జమ్మలమడుగు మిషన్ బడిలో అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి మాత్రం కొద్దిగా ఆడేది. నేనప్పుడు పులివెందులలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. శనివారమైతే బస్సెక్కి వాళ్లింటికి పోయేదాన్ని.

పాత ల్యాప్‌టాప్‌లో మామ కోసం కొన్ని మాటలు నా గొంతుతో రికార్డు చేసిపెట్టాను. అవి తెరమీద ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావలసింది వెలిగినప్పుడు మీట నొక్కితే ల్యాప్‌టాప్ ఆ మాట పైకి చెబుతుంది. మీటకు వైరు లేదు గానీ, దానిలోని బ్యాటరీ ఊరికే అయిపోయేది. ఒక మధ్యాహ్నం నీళ్ల కోసం మామ ఎంత నొక్కినా పలకలేదట. పెరట్లో బట్టలుతుకుతున్న అత్త లోపలికొచ్చి చూస్తే, ఆయన ఏడుస్తున్నాడట.

ఆ సంగతి విన్నాక నాకు మనసు మనసులో లేదు. నొక్కే ఊపులోనే కరెంటు పుడితే బ్యాటరీతో పనేముంది? గ్యాస్ లైటర్ విప్పి, నొక్కితే నిప్పురవ్వ పుట్టించే దాని లోపలి భాగంతో ఒక మీట చేశాను. అది మామ చేతికి మరీ బిరుసైంది. ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే కొట్లో అయస్కాంతం, సన్నటి రాగితీగ తెచ్చుకున్నాను. తీగచుట్టలో అయస్కాంతం కదిలేలా మెత్తటి స్ప్రింగుతో మళ్లీ చేశాను. మామ అరచేయి ఆనించి నొక్కాడు. "నీళ్లు కావాల" అంది ల్యాప్‌టాప్.

అత్త నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఇంగొక మాట పెడతావా పాపా?"

"ఏం మాటత్తా?"

"'ఏమే, ఈడికి రా' అని. దినామూ అట్లనే పిలుస్తాండె మీ మామ."

పెట్టాను. సాయంత్రం అత్త వంటింట్లో ఉండగా ఆ పిలుపు వినబడింది. చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"ఏందయ్యా? ఏం గావాల?"

మామ మళ్లీ అదే నొక్కాడు.

"ఈడనే ఉండాను గదా!"

మళ్లీ నొక్కాడు. అత్త నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ మంచం అంచున కూర్చుంది. పొయ్యిమీద పప్పు మాడిపోయింది. ఎవరూ లేవలేదు.

కొన్ని నెలలకు మామకు నాలుగు మాటలు తిరిగొచ్చాయి. ముద్దముద్దగా పలికే ఆ మాటలు అత్తకే అర్థమయ్యేవి. "ఏమంటాండాడత్తా?" అని నేనడిగితే, "నీకెందుకులేమ్మే" అని సిగ్గుపడి అవతలికి పోయేది.