పడవ స్క్రీన్‌కు బోరు మోటార్ వైద్యం

గిద్దలూరు నుంచి సముద్రానికి ఎవరైనా స్నానానికో ఫొటోలకో వెళతారు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లాను. మా బావది కొమరోలు. బోరు ఎండిపోయాక సేద్యం మానేసి, ఒంగోలు వైపు తీరంలో స్నేహితుడి చేపల పడవలో వాటాకు చేరాడు. ఆ పడవకు ఏఐఎస్ అనే డబ్బా బిగించారు. పెద్ద ఓడలు తమ పేరు, వేగం, దిశ రేడియోలో చెబుతుంటే, అది విని మ్యాప్ స్క్రీన్‌కు పంపాలి. డబ్బాలో లైటు వెలుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం ఒక్క ఓడా లేదు. పోయిన నెల చీకట్లో ఓ సరుకు ఓడ వీళ్ల వల తెంపుకుంటూ పోయింది. అప్పటి నుంచి మా అక్కకు కంటి మీద కునుకు లేదు. "ఓడలు కనపడేదాకా మీ బావను పడవ ఎక్కనియ్యొద్దు. టీవీలు బాగుజేస్తావు గదా, పో!" అని ఫోన్లోనే ఆర్డర్ వేసింది.

మీరు వెళితే గిద్దలూరులో తెల్లవారుజామునే నేరుగా ఒంగోలు బస్సు పట్టుకోండి. నేను ఆలస్యంగా లేచి మార్కాపురంలో బస్సు మారాను. ఆ బస్సు పొదిలిలో టీకి ఆగి, కదలడం మరిచిపోయింది. సాయంత్రంలోగా సముద్రం దగ్గరుండాలని కండక్టర్‌ను బతిమాలితే, "సముద్రం యాడికి పోతాదిలే సార్" అంటూ టీ ఊదుకున్నాడు. సముద్రం పోదయ్యా, పడవ పోతుంది! ఒళ్లు మండిపోయింది. ఒంగోలులో షేర్ ఆటో ఎక్కి తీరం చేరేసరికి ఎండ వాలుతోంది.

"వచ్చినావా బామ్మర్దీ!" అని బావ తాపీగా నవ్వాడు. చూస్తే, డబ్బా వేగంగా పంపుతోంది, స్క్రీన్ నెమ్మదిగా అందుకునేలా సెట్ చేసి ఉంది. రెండింటి వేగం ఒకటి చేశాను. ఏమీ రాలేదు. ఆపి, మళ్లీ వేశాను. ఫ్యూజు చూశాను. ఊహూ. చెమటలు కారుతున్నాయి.

"బావా, దీన్ని నువ్వేమన్నా ముట్టుకున్నావా?"

"నేనేం ముట్టుకోలే. ఊరికే రెండు వైర్లు అటుదిటు మార్చినా. మోటార్ ఉల్టా తిరిగితే అట్లనే జేస్తాం గదా!"

తల బాదుకున్నాను. బోరు రైతు చేతికి వైరు దొరికితే మొదటి వైద్యం అదే. "ఇది మోటారా బావా? ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్తే తిడతావని చెప్పలే."

తిట్టాను. తిట్టుకుంటూనే వైర్లు వెనక్కి మార్చాను. స్క్రీన్ మీద చిన్న త్రికోణాలు ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి, పక్కన పేర్లతో. బావ నవ్వు ఆగిపోయింది.

అక్కకు వీడియో కాల్ చేసి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"అవన్నీ ఓడలేనా? ఇన్నున్నాయా? వద్దురా, ఆయన్ను ఇంటికి తీస్కరా!"

"నిన్న కూడా ఉన్నాయక్కా. బావకు కనపడలేదంతే."

అక్క ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఆ త్రికోణాలన్నీ చూసింది. తర్వాత మెల్లగా, "అయితే ఆ స్క్రీన్ ముందర నుంచి లేవొద్దని చెప్పు" అంది.

పొద్దుగూకే వేళకు పడవ కదిలింది. తిరుగు బస్సులో బావ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఇన్నాళ్లూ ఆ ఓడల మధ్యలోంచే గుడ్డిగా వెళ్లొచ్చాడు మరి. ఇలాంటి పని మీద దూరం వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. బయలుదేరే ముందు ఫోన్ చేసి "ఏమైంది?" అని అడగకండి, "నువ్వేం ముట్టుకున్నావు?" అని అడగండి.