పెరటి గుమ్మం మాస్టారు

నా చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు నన్ను బెంచీ మీంచి లేపి గుమ్మం దగ్గర కింద కూర్చోబెట్టాడు. చేపల కంపు కొడుతున్నానట. ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని మరీ చెప్పాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. కొత్తగా ఉద్యోగంలో చేరి నా దగ్గరికి సలహా కోసం వచ్చే టీచర్లకి ముందుగా ఈ సంగతే చెబుతాను. ఆయన పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

మాది యానాం పక్కనున్న దరియాలతిప్ప. నాన్న చేపల వేటకెళ్ళేవాడు, మా నాయనమ్మ గంప నెత్తిన పెట్టుకుని యానాం వీధుల్లో చేపలమ్మేది. ఆ మాస్టారింటికీ ఇచ్చేది, కాకపోతే పెరటి గుమ్మంలో. అక్కడ ఆయన ముక్కుకి ఏ కంపూ తగిలేది కాదు కాబోలు. ఇక బడికి పోనని నేను మొండికేశాను. సరే, రేపట్నుంచి గంప నువ్వే ఎత్తుకో అంది నాయనమ్మ. ఆవిడ వేళాకోళానికి అనలేదు.

మా పక్కింటి అక్క అదే బడిలో అప్పుడే టీచరుగా చేరింది. ఆమె దగ్గర ఏడ్చి, ఆ మాస్టారిని ఎలాగైనా ఏడిపించమన్నాను. పెద్దాయన్ని ఎదిరించే ధైర్యం అక్కకి లేదు. నా మీద జాలితో ఒక ఉపాయం పన్నింది. మర్నాడు ఆయన వరండాలో నిలబడి ఉన్న సమయం చూసి, నిన్న ఎవరింట్లో చేపల కూర అని మా క్లాసుని అడిగింది. చాలామంది చేతులెత్తారు. మాతోపాటే చదివే మాస్టారి కొడుకూ ఎత్తాడు. వాణ్ణి నిలబెట్టి, చేప ఎవరిచ్చారని అడిగింది.

"ఈ పిల్ల వాళ్ళ నాయనమ్మేనండి. తలకాయ మాత్రం మా నాన్న ఎవరికీ పెట్టరండి, ఆయనే తినేస్తారు," అన్నాడు వాడు.

ఈసారి క్లాసు ఆయన్ని చూసి నవ్వింది. నా కడుపు నిండిపోయింది. అబద్ధమెందుకు, అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు.

మర్నాడు వాడు వాచిపోయిన అరచేతులతో బడికొచ్చాడు. తండ్రి కోపమంతా వాడి మీద తీర్చుకున్నాడు. అక్క ఆ చేతులు చూసింది. వాడి పక్కకెళ్ళి అందరికీ వినపడేలా చెప్పింది.

"నిన్న నిన్ను నిలబెట్టి ఆ మాట చెప్పించడం నా తప్పురా. మీ నాన్నతో మాట్లాడే దమ్ము లేక నిన్ను అడ్డం పెట్టుకున్నాను. ఏమనుకోకు."

ఒక టీచరు పిల్లవాడి ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఆమె నేరుగా మాస్టారి దగ్గరికే వెళ్ళింది. ఏం మాట్లాడిందో మాకు తెలీదు గానీ, మర్నాడు ఆయన నన్ను బెంచీ మీద కూర్చోమన్నాడు. పొరపాటైందన్న ముక్క మాత్రం ఆయన నోట రాలేదు. పోయేదాకా రాలేదు. నేనూ ఆయన్ని క్షమించలేదు.

తర్వాత నేనూ టీచరునయ్యాను. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మీ తగాదాల్లోకి పిల్లల్ని లాగకండి. పొరపాట్లు చేస్తారు, దానికి బెదిరిపోకండి. ఏ పిల్లల ముందు చేశారో వాళ్ళ ముందే ఒప్పుకోండి. నా సర్వీసంతా నేనలాగే ఒప్పుకున్నాను. ఒప్పుకున్న ప్రతిసారీ లోలోపల ఆ మాస్టారికే చెప్పేదాన్ని: చూశావా, తప్పయిందన్నాను, నా నోరేం పడిపోలేదు.