తమ్ముడి వంకరమూతి

నా చిన్నప్పుడు మేము నాంపల్లిలో ఒక కిరాయి గదిలో ఉండేవాళ్లం. ఆరేళ్ల మా తమ్ముడికి మెడ మీద గడ్డలు లేచాయి. దవాఖానలో కరెంటు పెట్టారు; రేడియేషన్‌ను అప్పట్లో అట్లాగే అనేవాళ్లు. నెల తిరిగేసరికి గడ్డలు కరిగిపోయాయి. మా నాయన సంబరపడి మమ్మల్ని మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి ఐస్‌క్రీం తినిపించాడు. అదే మేం మొదటిసారి తినడం.

తమ్ముడి పెదవి ఎడమ కొస నుంచి ఐస్‌క్రీం కారి చొక్కా మీద పడింది. ఆ వైపు కన్ను మూతపడటం లేదు. వేషాలు వేస్తున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి, వాకిట్లో పిల్లలందరి ముందు వాడిలాగే మూతి వంకర పెట్టి, "వంకరమూతి నవాబు వచ్చిండు, సలాం చెయ్యుండ్రి!" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. వాడూ నవ్వబోయాడు. ముఖం ఇంకా వంకర పోయింది. ఇంకా నవ్వాం.

ఆ పూట నుంచి వాడు తిండి మానేశాడు. ముద్ద పెట్టబోతే గోడవైపు తిరిగేవాడు. గడ్డల రోగం మెదడుకు పాకిందని, ఇక చేసేదేం లేదని డాక్టరు చెప్పాడట. అదేమిటో నాకు తెలియలేదు. వాడు నా వల్లే పస్తుంటున్నాడని మాత్రం తెలిసింది.

మూడో రోజు మా నాయనమ్మ ఆ పిల్లలందరినీ పిలిచి, వాళ్ల మధ్య, తమ్ముడికి ఎదురుగా నన్ను కూర్చోబెట్టింది. నా ఎడమ చెంప, పెదవి కలిపి బొటనవేలితో నొక్కిపట్టి నోట్లో జావ పోసింది. కారి లంగా తడిసింది.

"ఏందే, ఒక్క గుటక మింగొస్తలేదా? మస్తు నవ్వినవ్ గదా!"

పిల్లలు నవ్వారు. నేను ఏడ్చాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె వేలు తియ్యలేదు.

అప్పుడు తమ్ముడు నవ్వాడు, సగం ముఖంతో. "గట్ల కాదక్కా, గీ దిక్కుకెల్లి తాగాలె," అని తన కుడి బుగ్గ చూపించాడు. నాయనమ్మ మళ్లీ జావ తెచ్చి ఆ వైపే వాడికి పోసింది. నాలుగు గుటకలు తాగాడు.

పది రోజులకు గుటక పడటమే ఆగింది. ఆ వారంలోనే పోయాడు. నేను ఏడుస్తుంటే నాయనమ్మ దగ్గరికి తీసుకోలేదు. "మూడు దినాలు ఆకలితోని పండిండు పోరడు. యాది పెట్టుకో," అంది.

మా ఆయనకు పక్షవాతం వచ్చి తమ్ముడిలాగే మూతి వంకర పోయినప్పుడు, ముద్ద ఏ వైపు పెట్టాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కుడి బుగ్గలో పెట్టి, ఎడమ పెదవి కింద అరచెయ్యి పట్టేదాన్ని. ఆయన పోయేదాకా రెండేళ్లు అట్లాగే తినిపించాను. తమ్ముడి ఆ మూడు రోజుల ఆకలి మాత్రం తీరలేదు.